రిస్క్ స్కోరు సమానమైతే ముందు దేన్ని చూసుకోవాలి?

ఒడిశాలోని గుణుపురం దగ్గర, వంశధార ఒడ్డున చిన్న పంప్‌హౌస్ కడుతున్నాం. పునాది అక్టోబరులోపు లేవాలి. ఒక్కో రిస్కుకు జరిగే అవకాశం, తీవ్రత రెండింటికీ 1 నుంచి 5 దాకా మార్కులు వేసి గుణించాను. తుపాను వరద 2×5, కూలీలు వరినాట్లకు వెళ్లిపోవడం 5×2. రెండూ 10, ఎక్సెల్‌లో రెండూ పసుపే! 2018లో తిత్లీ తుపాను గజపతి, రాయగడ జిల్లాల్లో చేసిన నష్టం చూసినవాళ్లెవరూ వీటిని ఒకే గాట కట్టరు.

తీవ్రత మార్కును వర్గం (స్క్వేర్) చేసి గుణించి చూశాను. వరద 50కి వెళ్లింది, బాగానే ఉంది. కానీ పిడుగుపడి ట్రాన్స్‌ఫార్మర్ పోవడం (1×5) 25 అయి, ఏటా తప్పని కూలీల సమస్యను (20) దాటేసింది. మార్కులు 10 దాకా పెంచినా ఈ సమాన స్కోర్ల టెన్షన్ తీరలేదు.

మామూలు గుణకారమే ఉంచి, తీవ్రత 5 ఉన్నవాటిని స్కోరుతో పనిలేకుండా విడి జాబితాగా పైన పెట్టడం సైట్‌లో పనికొస్తుందా?