కాలు మిషన్ మీద ఫ్రేమ్ పెట్టి పువ్వులు కుడ్తుంటే కింద దారం గూడు కడ్తున్నది, ఏం చెయ్యాలె?

దేవరకొండ_కోడలు:
అక్కలకు అన్నలకు నమస్తే. బ్లౌజులు లంగాలు కుట్టబట్టి ఐదేండ్లయితుంది, మా అత్తమ్మ నల్ల మిషన్, కాలుతోని తొక్కేది. నా దగ్గరికొచ్చేటోళ్ళు మగ్గం వర్క్‌కి అన్ని పైసలు పెట్టలేం, చేతుల మీద చిన్న తీగ, రెండు పువ్వులు మిషన్ మీదనే వెయ్యరాదా అని అడుగుతున్నరు, నాకు గూడ మస్తు ఆశ ఉన్నది. వీడియోలల్ల చూసి బట్టను అదిమి పట్టే ఫుట్ తీసేసిన, బట్టను ఫ్రేమ్‌ల బిగించిన, నాలుగు కుట్లు పడంగనే కింద దారమంత గూడు లెక్క చుట్టుకున్నది, కత్తెర పెడితే గాని రాలె. మల్ల జేస్తే సూది విరిగింది, రెండు రోజులల్ల మూడు సూదులు పోయినయ్. సూది కింద బట్టను జరిపే పళ్ళు గూడ బట్టను ఎనకకు గుంజుతున్నయ్. పాత మిషన్‌తోని ఈ పని కాదా? సూది పక్కలకు గూడ కదిలే జిగ్‌జాగ్ మిషన్ కొనాల్నా?

నల్గొండ_మిషన్‌వర్క్:
చెల్లె ఇప్పుడే ఏం కొనకు. తీగలు పువ్వులకు సాదా కుట్టు సరిపోతది, నేను గూడ నల్ల మిషన్ మీదనే నేర్చుకున్న. ముందు ఇది చెప్పు, ఫుట్ తీసినంక, దాన్ని లేపి దించే ఎనకాల లీవర్ కిందికి దించినవా? ఫుట్టే లేదు ఇంకేం దించాలె అనుకుని చానమంది గట్లనే వదిలేస్తరు. లీవర్ మీదికుంటే పై దారాన్ని నొక్కిపట్టే టెన్షన్ రేకులు తెరుచుకునే ఉంటయ్, పై దారానికి పట్టుండదు, ఆ వదులు దారమంత కిందికి దిగి గూడు కడ్తది. చిక్కు కింద కనపడ్తది గాబట్టి తప్పు కింద దారం చుట్టే బాబిన్‌ల ఉన్నదనుకుని బాబిన్ కేస్ స్క్రూ తిప్పుతరు, దాన్ని మాత్రం ముట్టకు.

మొదలుపెట్టేటప్పుడు పక్క చక్రం చేత్తో ఒక్క చుట్టు తిప్పి కింద దారం పైకి తీసుకో, రెండు కొసలు పట్టుకుని అదే జాగల మూడు నాలుగు కుట్లు వేసి, అప్పుడు కొసలు కత్తిరించు. ఫ్రేమ్ గూడ చేతికుట్టుకు పెట్టినట్టు కాదు, తిరగేసి పెట్టాలె, బట్ట మిషన్ బల్లకు ఆనుకుని ఉండాలె, వేలితో కొడితే డప్పు లెక్క మోగాలె. లోపలి రింగ్‌కు పాత బట్ట పీలిక చుట్టు, జారదు. సన్న కాటన్ అయితే కింద తెల్ల కాయితం పెట్టుకో, న్యూస్ పేపర్ వద్దు సిరా అంటుకుంటది.

సూది ఎందుకు విరుగుతుందంటే అది బట్టల దిగినప్పుడు నువ్వు ఫ్రేమ్ గుంజుతున్నవ్, అది ఒంగి ప్లేట్‌కు తగుల్తున్నది. కుట్టు పొడుగు ఇప్పుడు మిషన్ చేతిల లేదు, నీ చేతిల ఉన్నది. కాలు ఒక్క తీరుగ నడవాలె, చెయ్యి నిదానంగ జరగాలె.

జడ్చర్ల_మిషన్‌రిపేర్:
అక్క చెప్పింది కరెక్టు. పళ్ళ సంగతి నేను చెప్త. కొన్ని మిషన్లకు పళ్ళు దించే నాబ్ ఉంటది, మీ దానికి ఉన్నదేమో ముందు చూడున్రి. లేకుంటే సూది ప్లేట్ తీస్తే పళ్ళను పట్టుకుని చిన్న స్క్రూలు కనపడ్తయ్, అవి విప్పి పళ్ళు తీసి, ప్లేట్ మల్ల బిగియ్యాలె, ప్లేట్ లేకుండ మాత్రం కుట్టొద్దు. స్క్రూలు డబ్బాల వేసి పెట్టున్రి, పోతే దొరకవ్. విప్పుడు భయమైతే పళ్ళ మీద కప్పే ప్లేట్ దొరుకుతది, గట్లన్న చెయ్యొచ్చు. ప్లేట్ తీసినప్పుడే లోపలి దూది దులిపి బాబిన్ కేస్ కూసునే షటిల్ కాడ ఒక్క చుక్క నూనె వెయ్యున్రి. ఇంకోటి, ఫుట్ లేకుంటే వేలికి సూదికి నడుమ అడ్డం ఏం ఉండదు, వేళ్ళు ఫ్రేమ్ అంచు మీదనే ఉండాలె. కొత్తలో స్ప్రింగ్ ఉన్న డార్నింగ్ ఫుట్ (రఫ్ఫు చేసేటందుకు వాడేది) పెట్టుకునుడే మంచిదని నేనంట.

నారాయణపేట_పిల్ల:
నేను గూడ నేర్చుకుంటున్న అక్కా, నాకు మస్తు పనికొచ్చిన ముచ్చట ఒకటి చెప్త. ఇంట్ల ఎవర్నన్న పెన్ను కదలకుండ నిలువుగ పట్టుకోమని, నువ్వు కింద కాయితం జరుపుకుంట మెలికల ముగ్గు వెయ్యి. మనకు చెయ్యి కదిలిచ్చి గీసుడు అలవాటు, ఇక్కడ సూది ఒక్క జాగల ఉంటది బట్టనే తిరగాలె, ఆ లెక్క చేతికి ఎక్కాలె. నాకు నాలుగు రోజులు పట్టింది. పట్టు జాకెట్ ముక్క మీద ఇప్పుడే చెయ్యకు, కుట్టు విప్పితే సూది తొర్రలు గట్లనే ఉండిపోతయ్. మా అమ్మ గద్వాల చీర జాకెట్ మీద చేసి చానా బాధపడ్డ.

దేవరకొండ_కోడలు:
లీవరే అక్కా! దించంగనే గూడు కట్టుడు బందయింది. పళ్ళు మా ఆయన విప్పిచ్చిండు. పాత దుప్పటి ముక్క మీద రెండు రోజుల సంది తీగలు వేస్తున్న, సూది ఒక్కటి గూడ విరగలె. తీగ మంచిగనే వస్తున్నది గని పువ్వుల గుండ్రం రేకుల కాడ కుట్లు ఒకటి పొడుగు ఒకటి పొట్టి అయితున్నయ్, ఎర్ర దారం నడుమ బాబిన్ తెల్ల దారం చుక్కలు చుక్కలు పైకి కనపడ్తున్నది.

నల్గొండ_మిషన్‌వర్క్:
శాన సంతోషం చెల్లె. చుక్కలు కనపడ్తున్నయంటే పై దారం బిగువెక్కువున్నది, పై టెన్షన్ కొంచెం కొంచెం వదులు చేసుకుంట చూడు, చుక్కలు కిందికి దిగుతయ్. జాకెట్ మీద చేసేటప్పుడు బాబిన్‌ల గూడ ఎర్ర దారమే చుట్టుకో. రేకు తిరిగే కాడ నీకు తెలువకుండనే చెయ్యి ఉరుకుతుండొచ్చు, అక్కడ కాలు ఆపకు, చెయ్యే నిదానం చెయ్యి. ఇంకో నాలుగు దినాలు దుప్పటి ముక్క మీదనే వెయ్యి, తర్వాత ఫోటో పెట్టు.