గుండుమల్లె ఏపుగా ఉంది, పూతే లేదు. కొమ్మలు ఎప్పుడు కొట్టాలి?

పెరటిమొక్క_అనంతపురం:
నాలుగేళ్ల మల్లె, నేలలోనే ఉంది. నడుమెత్తు పెరిగి పైనంతా ఆకు, కింద బోడి. వేసవిలో గుప్పెడు పూలు రాలేదు. రోజూ బోరు నీళ్లు పెడుతున్నాం. డిసెంబరులో కొట్టమని కొందరు, ఉగాది ముందని కొందరు. గేటు మీది కాగితం పూల తీగ కూడా అప్పుడే కొట్టొచ్చా?

పాదు_కడప:
ఉగాది దాకా ఆగితే ఈ ఏటి పూత పోయినట్లే అన్నా. మల్లె కొత్త చిగురు మీదే మొగ్గ తొడుగుతాది. డిసెంబరులో కొడితే మార్చికి పూలు.

ముందు ఆ రోజువారీ నీళ్లు మానండి, సగం తప్పు అక్కడే ఉంది. కొట్టే ముందు 10–15 రోజులు పూర్తిగా ఆపాలి. తర్వాత నేల నుంచి మూరెడు, అంటే 45 సెంటీమీటర్లు వదిలి మిగతాది తీసేయండి. ఎండుపుల్లలు, ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలు మొదలుకంటా పోవాలి. కోత కణుపుకు పావంగుళం పైన, ఏటవాలుగా. ఆ కణుపు పొద బయటికి చూస్తుండాలి. లోపలికి చూసేదాని మీద కోస్తే చిగుర్లన్నీ నడుమ గుంపుకడతాయి, ఎండ తగలదు, మళ్లీ ఇదే కథ. మిగిలిన ఆకు దూసేయండి. మొద్దు కత్తెరతో బెరడు నలిగితే కొమ్మ అక్కడి నుంచే ఎండుకుంటూ దిగుతాది.

పాదు తవ్వి, మొదలుకు అడుగు దూరంలో మాగిన పశువుల ఎరువు 10 కిలోలు, యూరియా 65 గ్రాములు, సూపర్ ఫాస్ఫేట్ 375 గ్రాములు, పొటాష్ 100 గ్రాములు వేయండి. జూన్‌లో పశువుల ఎరువు తప్ప మిగతావి ఇంకోసారి. యూరియా ఒక్కటే వేస్తే ఆకే వస్తాది.

నల్లరేగడి_కర్నూలు:
కుండీలో మల్లె ఉన్నోళ్లు పై ఎరువుల లెక్క పట్టుకోవద్దు, వేళ్లు మాడతాయి.

లేత ఆకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లో మామూలే. లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. గోడకు పడితే తుప్పు మరక పోదు, ఇంట్లోవాళ్లతో మాట పడాల్సొస్తుంది.

కాగితం పూలను డిసెంబరులో ముట్టుకోవద్దు. మన దగ్గర అది పూసేదే వానల్లేని నెలల్లో, అప్పుడు కొడితే మొగ్గ కొసలే పోతాయి. వేసవి పూత అయ్యాక, తొలి వానలకు మూడో వంతు తీయండి. నీళ్లు ఎక్కువైతే అదీ ఆకే పెడుతుంది.

పెరటిమొక్క_అనంతపురం:
మల్లెకు మళ్లీ నీళ్లెప్పుడు?

పాదు_కడప:
ఎరువు వేసిన రోజే పాదు నిండా. చిగురు వచ్చేదాకా వేలు రెండంగుళాలు గుచ్చి, తడి తగిలితే పెట్టొద్దు. మొగ్గ కనపడినాక మాత్రం పాదు ఎండనీయొద్దు, మొగ్గలు రాలిపోతాయి.