పాత పత్రికల సంపుటాలు: తాళం వేసి ఉంచాలా, పరిశోధకులకు ఇవ్వాలా?

లంకలైబ్రరీ:
మాది అమలాపురం వైపు, ఏటిగట్టు దగ్గర చిన్న గ్రంథాలయం. 1920–50 మధ్య పత్రికల బైండు సంపుటాలు రెండొందల దాకా, తాటాకు కట్టలు పదకొండు ఉన్నాయి. అన్నీ గోడకు ఆనించిన స్టీలు బీరువాల్లో తాళం వేసి ఉంటాయి. శ్రావణంలో తలుపు తీస్తే బూజు వాసన. పరిశోధకులు అసలు ప్రతులే అడుగుతున్నారు, తిప్పుతుంటే అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. కమిటీలో సగం మంది ఎవరికీ ఇవ్వొద్దంటున్నారు. ఏది ముందు చెయ్యాలండి?

గోదారిబైండరు:
ఆ బూజు పుట్టింది తాళం వెనకేనండి. మూసిన బీరువాలో గాలి కదలదు, చెమ్మగోడకు ఆనుకున్న రేకు చల్లబడి లోపల తడి పడుతుంది. బీరువాలను గోడకు అర అడుగు ఎడంగా జరిపి, కింద ఇటుకలు పేర్చి లేపండి. తలుపులకు పైనా కిందా రంధ్రాలు వేయించి సన్నని జాలీ బిగించండి. డ్రిల్లు పెట్టేముందు పుస్తకాలు బయటికి తీయాలి, ఇనుపరజను కాగితం మీద పడితే తుప్పు మరక పోదు.

తేమ కొలిచే హైగ్రోమీటర్లు రెండు కొనండి, గదిలో ఒకటి, బీరువాలో ఒకటి. రోజూ పొద్దున, సాయంత్రం అంకె రాయండి. కాగితానికి 45–55 శాతం తేమ మంచిది. మన వానాకాలంలో అది కష్టం కాబట్టి 60 దాటనివ్వకండి. 65 పైన రోజుల తరబడి నిలిస్తే బూజు లేస్తుంది. గాలిలో తేమ లాగే డీహ్యూమిడిఫైయరు పెడితే కిటికీలు మూసే పెట్టాలి. ఏసీ పగలు వేసి రాత్రి ఆపడం మాత్రం వద్దు. చల్లబడిన పుస్తకాల మీదికి తడిగాలి చేరి చెమ్మ కడుతుంది. అంతకంటే ఏసీ లేకపోవడమే మేలు.

తాటాకుకట్ట:
బూజు పట్టినవాటిని తడిగా ఉండగా తుడవకండి, పులుముకుపోతుంది. విడిగా తీసి, ఎండలో కాకుండా నీడన ఫ్యాను గాలికి ఆరబెట్టి, పొడిగా మారాక మెత్తని కుంచెతో ఆరుబయట దులపండి. ఎన్95 మాస్కు తప్పనిసరి.

తాటాకులు గంటంతో గీసి మసి రుద్దినవైతే ఆ మసి గాడిలో కూర్చుంటుంది కాబట్టి నిమ్మగడ్డి నూనె పల్చగా రాయొచ్చు. ముందు ఒక ఆకు అంచున చూసుకోండి. సిరాతో రాసినవాటికి నూనె వద్దు. చుట్టే గుడ్డకు గంజి ఉండకూడదు, అది పురుగులకు తిండి. వేడినీళ్లలో రెండుసార్లు ఉతికిన తెల్ల నూలుగుడ్డ వాడండి. పచ్చి వేపాకు పెట్టకండి, దాని తడే కట్టలోకి వెళుతుంది.

సూచికరచన:
ఇవ్వడం గురించి నా మాట. అన్నీ ఒకేసారి స్కాన్ చేయబోకండి. పాత తెలుగు పత్రికలు ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ ఆన్‌లైన్ ఆర్కైవులో చాలా ఎక్కాయి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో, వేటపాలెం సారస్వత నికేతనంలో కూడా చూడండి. ఎక్కడా లేని సంచికలతోనే మొదలుపెట్టండి.

ఫ్లాట్‌బెడ్ స్కానరు అద్దం మీద పుస్తకాన్ని బోర్లించి అదిమితే వెన్ను విరుగుతుంది. పైనుంచి కెమెరా, కింద వి ఆకారపు దిమ్మ, సంపుటాన్ని వంద డిగ్రీలకు మించి తెరవకూడదు. సన్న అక్షరాలకు 400 డీపీఐ (అంగుళానికి 400 చుక్కలు), అసలు ఫైలు నాణ్యత తగ్గని టిఫ్ రూపంలో, పాఠకుడికి పీడీఎఫ్. ఫైలు పేరులో సంపుటానికి రిజిస్టరులో ఉన్న ప్రవేశ సంఖ్య, పుట సంఖ్య పెట్టండి. కాపీలు మూడు, వాటిలో ఒకటి గట్టు అవతలి ఊళ్లో.

అరసున్న, బండి ఱ ఉన్న పాత ముద్రణను ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను చదివే సాఫ్ట్‌వేరు) తప్పు చదువుతుంది. అందుకే వ్యాసాల శీర్షికల సూచిక చేత్తోనే తయారు చెయ్యాలి. అది చేతికందితే పరిశోధకుడు సంపుటమంతా తిరగేయడు. కాగితానికి అంతకంటే పెద్ద రక్షణ లేదు.

అసలు ప్రతి ఎందుకు కావాలో చీటీలో రాయించండి. బైండింగు, అంచు రాతలు, ముద్రలు చూడాలన్నవారికి ఇచ్చి తీరాలి. ఒకసారికి ఒక సంపుటం, పెన్సిలే, ఫ్లాష్ లేకుండా ఫోను ఫొటో సరే. నూలు గ్లౌజులు వద్దు, స్పర్శ తెలియక అంచులు చిరుగుతాయి. సబ్బుతో కడిగి ఆరిన చేతులు చాలు. పెళుసు పుటను కింద అట్టముక్క జొనిపి తిప్పాలి. రాలిన ముక్కను పుట సంఖ్య రాసిన కవరులో వేయాలి. సెల్లోటేపు అంటించకూడదు.

లంకలైబ్రరీ:
వేటపాలేనికి, రాజమండ్రికి రాస్తాం. మరి వరద వస్తే?

గోదారిబైండరు:
ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటిదానికే కింది రెండు అరలు ఖాళీ చేసి, రెండోదానికి మిగతావీ మేడ మీదికి చేర్చాలి. ముందు వెళ్లాల్సిన సంపుటాలకు ఎర్ర చీటీ అంటించి ఉంచండి, చీకట్లో వెతుకులాట తప్పుతుంది.

తడిసిన పుస్తకాన్ని తెరవకూడదు, పిండకూడదు. 48 గంటల్లో బూజు మొదలవుతుంది. పాతిక లోపైతే ఫ్యాను కింద నిలబెట్టి ఆరబెట్టొచ్చు. అంతకు మించితే ఒక్కోదాన్ని పాలిథిన్ కవరులో చుట్టి మైనస్ 18 డిగ్రీల్లో పెట్టి, తరవాత కొన్ని కొన్నిగా తీసి ఆరబెట్టుకోవచ్చు. రొయ్యల ప్లాంట్ల కోల్డ్ స్టోరేజీలో ఆ చలి ఉంటుంది. దగ్గర్లో ఉన్నవారితో వేసవిలోనే మాట్లాడి పెట్టుకోండి. ఐసు ఫ్యాక్టరీ దిమ్మల మధ్య పెట్టడం మాత్రం వద్దు, కరిగిన నీళ్లు మళ్లీ పుస్తకంలోకే దిగుతాయి.