హోస్టింగ్‌తో వచ్చే 'ఫ్రీ డొమైన్' ఎంతవరకు ఫ్రీ?

ప్రశ్న: చిన్న షాపుకి సైట్ పెడుతున్నాం. ఏడాది హోస్టింగ్ (సైట్ ఉంచే సర్వర్ అద్దె) తీసుకుంటే డాట్ కామ్ పేరు, అంటే డొమైన్, ఫ్రీ అంటున్నారు. రేపు వేరే కంపెనీకి మారితే ఆ పేరు మనతో వస్తుందా?

జవాబు 1: ఫ్రీ అనేది మొదటి ఏడాదికేనండీ. తర్వాత రెన్యువల్ రేటు, దానిమీద 18% జీఎస్టీ. కొనేముందు చూడాల్సిన అంకె అదే. మూడేళ్ల హోస్టింగ్ కట్టినా చాలాచోట్ల డొమైన్ ఒక్క ఏడాదే. మనీబ్యాక్ గడువులో రద్దు చేసుకున్నా, డొమైన్ ఖరీదు పట్టుకుని మిగతాది ఇస్తారు. ఆ ముక్క షరతుల్లో ఎక్కడో అడుగున ఉంటుంది.

జవాబు 2: పేరు వస్తుంది, కానీ రిజిస్ట్రెంట్‌గా, అంటే పేరు సొంతదారుగా, మీ వివరాలే ఉండాలి. కొనగానే కంపెనీ సైట్‌లో మీ అకౌంట్ ప్యానెల్‌లో చూసుకోండి. వెరిఫికేషన్ మెయిల్‌లోని లింకు 15 రోజుల్లో నొక్కకపోతే డొమైన్ ఆపేస్తారు. ఆ వివరాల్లో జీమెయిల్ లాంటిది ఇవ్వండి. అదే డొమైన్ పేరుతో ఉన్న మెయిల్ ఇస్తే, డొమైన్ ఆగిన రోజు మెయిలూ ఆగుతుంది.

మారాలంటే సాధారణంగా రిజిస్టరై 60 రోజులు దాటాలి. ట్రాన్స్‌ఫర్ లాక్ తీసి, ఆథ్ కోడ్ (బదిలీకి కావాల్సిన రహస్య కోడ్) తీసుకుని కొత్త రిజిస్ట్రార్‌కి (డొమైన్ నమోదు చేసే కంపెనీకి) ఇవ్వాలి. పాత కంపెనీ కోడ్ అడిగిన 5 రోజుల్లో ఇవ్వాలన్నది ఐకాన్ (డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే అంతర్జాతీయ సంస్థ) నిబంధన. డాట్ కామ్ ట్రాన్స్‌ఫర్ ఫీజులోనే మరో ఏడాది గడువు కలుస్తుంది.

జవాబు 3: ఇంకోటి. హోస్టింగ్ రద్దు చేసేముందు డొమైన్‌ని విడిగా రెన్యూ చేయండి. గడువు దాటి రిడెంప్షన్‌లో (తొలగించిన పేరును తిరిగి విడిపించుకునే దశలో) పడితే 30 రోజులుంటాయి గానీ, విడిపించుకునే ఫీజు మామూలు రెన్యువల్‌కి ఎన్నో రెట్లు.