దక్షిణ కరోలినా కాంగ్రెస్ స్థానాలు, 1900–1920: ప్రైమరీలో పోటీ ఉంటే సరిపోతుందా?

పాతపటం: అమెరికాలోని దక్షిణ కరోలినాలో ఆ రోజుల్లో డెమొక్రాట్లు తప్ప మరొకరు గెలవరు కనుక కాంగ్రెస్ (జాతీయ చట్టసభ) ఎన్నికలు బూటకమని ఇక్కడ పలువురు రాస్తున్నారు. నేను అంగీకరించను. 1896 నుంచి అక్కడ రాష్ట్రమంతటా ప్రైమరీ, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక, జరిగేది. ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే రెండో విడత పెట్టేవారు. 1912లో గవర్నరు పదవికి జరిగిన ప్రైమరీలో లక్షకు పైగా ఓట్లు పడగా, నవంబరులో అధ్యక్ష ఎన్నికకు పడినవి దాదాపు 50 వేలు. అసలు పోటీ ప్రైమరీలో ఉంది, అది తీవ్రమైన పోటీ.

గట్టుమీద: ఆ లక్షలో ఎవరున్నారో కూడా చెప్పండి. 1900 జనగణన ప్రకారం రాష్ట్ర జనాభా 13 లక్షల 40 వేలు, అందులో 58 శాతం నల్లజాతీయులు. నల్లజాతి ఓటరు ప్రైమరీలో పాల్గొనాలంటే, 1876లో డెమొక్రాట్ల గవర్నరు అభ్యర్థి హాంప్టన్‌కు ఓటు వేసి నాటి నుంచి డెమొక్రాట్లనే బలపరుస్తున్నాడని పదిమంది శ్వేతజాతీయులు సాక్ష్యమివ్వాలని పార్టీ నియమం. నవంబరు ఎన్నికకు 1895 రాజ్యాంగం చదువో, 300 డాలర్ల ఆస్తో అడిగింది.

పాతపటం: నేను మాట్లాడుతున్నది పోటీ గురించి. లక్షకు పైగా ఓట్లు పడ్డాయా, లేదా?

సాయంత్రం: 1921లో న్యూబెరీ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ప్రైమరీలపై కాంగ్రెస్ చేసిన చట్టాన్ని చెల్లదంది. ఆ వైఖరి మారడానికి 1941లో క్లాసిక్ అనే వ్యాజ్యంలో తీర్పు రావలసి వచ్చింది.

చింతతోపు: మా ఊళ్లో సర్పంచి ఎవరో పెద్దలు ముందే ఖాయం చేశారు, నామినేషన్ వేయబోయిన మా నాన్నగారిని ఇంటికి వచ్చి ఆపారు. ఆ పెద్దల మధ్య కూడా పోటీ గట్టిగానే జరిగింది. బయట నిలబడిన మాకు దానివల్ల ఒరిగిందేమిటి?

పాతపటం: మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే, కానీ దానితో దక్షిణ కరోలినా చరిత్ర తేలదు. ప్రతి చర్చనూ సొంత గాయం మీదికి మళ్లిస్తే ఇక్కడ రాయడం దండగ.

గట్టుమీద: ఆయనను మందలించే ముందు ఒక్క ప్రశ్నకు జవాబివ్వండి. ఓటు లేని ఆ 58 శాతాన్ని లెక్కలో కలుపుకొని కదా ఆ రాష్ట్రం ప్రతినిధుల సభలో ఏడు స్థానాలు తీసుకుంది? 1904 అధ్యక్ష ఎన్నికలో అక్కడ పడినవి దాదాపు 55 వేల ఓట్లు, అంటే ఒక్కో స్థానానికి ఎనిమిది వేలు. అదే ఏడు పదమూడు స్థానాల ఇండియానాలో ఆరున్నర లక్షలకు పైగా పడ్డాయి, అంటే స్థానానికి 50 వేలకు పైన. ఓటు నిరాకరిస్తే స్థానాలు తగ్గించాలని 14వ సవరణ రెండవ సెక్షను చెబుతోంది. ఇండియానా ప్రతినిధి క్రంపాకర్ అదే అడిగితే సభ వినలేదు.

పాతపటం: ఇప్పుడు విషయానికి వచ్చారు. మీ అభ్యంతరం ప్రైమరీ మీద కాదు, స్థానాల పంపకం మీద. ప్రతినిధి తన జిల్లా మొత్తానికీ ప్రతినిధే అని నేను నమ్ముతాను. 1901 నుంచి 1919 దాకా సభలో ఉన్న ఆ రాష్ట్ర ప్రతినిధి లీవర్ తెచ్చిన 1914 వ్యవసాయ విస్తరణ చట్టం, అంటే కళాశాలల ద్వారా రైతులకు సాగు మెళకువలు నేర్పే చట్టం, రైతులందరి కోసం. పైగా స్థానాలు తగ్గిస్తే నల్లజాతీయులకు ఓటు వచ్చేదా? మూకహత్యలకు వ్యతిరేకంగా ప్రతినిధి డయర్ తెచ్చిన బిల్లు 1922లో సభలో నెగ్గి సెనేటులో ఆగిపోయింది, రాష్ట్రానికి ఇద్దరు చొప్పున ఉండే అక్కడ స్థానాలు తగ్గవు కదా.

గట్టుమీద: రైతులందరి కోసం అన్న ఆ చట్టంలోనే, డబ్బు ఏ కళాశాలకు చేరాలో రాష్ట్ర శాసనసభ తేల్చాలని ఉంది. ఆ శాసనసభను ఎన్నుకున్నది మీ ప్రైమరీయే. లీవర్ సభలోని వ్యవసాయ కమిటీకి అధ్యక్షుడైనది సభలో సీనియారిటీ వల్ల, ఆ సీనియారిటీ వచ్చింది నవంబరులో ఎదురులేకపోవడం వల్ల. తమ తలలను లెక్కించి తెచ్చుకున్న స్థానం నుంచి తమకే వ్యతిరేకంగా ఓటు పడుతుంటే, ఆయన మీ ప్రతినిధేనని అక్కడి నల్లజాతి కౌలురైతుకు చెప్పగలరా? నేను చెప్పలేను. స్థానాలు తగ్గించి ఉంటే అతనికి ఓటు రాకపోయినా, అతని పేరిట మరొకరు అధికారం చెలాయించడం తగ్గేది.