ఒకే ఎం.ఎఫ్.ఐ. ఉన్న రెండు ఎల్‌డీపీఈ లాట్లు: కొమ్మల తేడాను షియర్ పరీక్ష పట్టగలదా?

గాజులమండ్యం ఫిల్మ్:
తిరుపతి దగ్గర గాజులమండ్యంలో నర్సరీ సంచులకు ఫిల్మ్ ఊదే చిన్న యూనిట్ నడుపుతున్నాను. గత నెలలో వచ్చిన ఎల్‌డీపీఈ (తక్కువ సాంద్రత పాలిథిలిన్, కొమ్మలున్న అణువుల ప్లాస్టిక్) లాటూ, అంతకుముందు వాడినదీ కాగితం మీద ఒక్కటే: సాంద్రత ఒకటే, ఎం.ఎఫ్.ఐ. (కరిగిన ప్లాస్టిక్ ఎంత సులువుగా కారుతుందో చెప్పే సంఖ్య) కూడా రెండింటికీ 2. కానీ కొత్త లాటుతో, కరిగిన ప్లాస్టిక్‌ను గాలితో ఉబ్బించే బుడగ ఊగుతోంది, ఫిల్మ్ మందం ఒకచోట ఎక్కువగా, మరొకచోట తక్కువగా వస్తోంది. సరఫరాదారును అడిగితే, షియర్‌లో (పొర మీద పొర జారే ప్రవాహంలో) కొలిచిన స్నిగ్ధత, అంటే చిక్కదనం, గీతలు పంపి, రెండూ ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి కనుక లోపం మీ యంత్రానిదేనన్నారు. అణువుల కొమ్మల తీరు మారితే అది షియర్ పరీక్షలో తప్పక కనబడాలా? తెలిసినవారు చెప్పగలరు.

తిరుపతి పరిశోధక విద్యార్థి:
కనబడాలనే నా వాదన, అయితే ఏ షియర్ పరీక్ష అన్నది ముఖ్యం. కొమ్మలు లేని పొడవాటి గొలుసు, చుట్టూ ఉన్న గొలుసుల మధ్య ఒక గొట్టంలో ఇరుక్కున్నట్టు ఉండి, పాములా తన పొడవు వెంటే జారుతూ బయటపడుతుందని ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త డి జెన్ 1971లో ప్రతిపాదించారు. కొమ్మలున్న గొలుసుకు ఆ దారి మూసుకుపోతుంది. తుమ్మకంప కుప్పలోంచి ఒక్క మండను లాగి చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ప్రతి కొమ్మా తన కొసను కూడలి దాకా వెనక్కి ముడుచుకొని, మళ్లీ కొత్త దారిలో చాచుకోవాలి. అంత లోతుగా ముడుచుకోవడం చాలా అరుదుగా జరుగుతుంది కనుక, కొమ్మ పొడవు పెరిగేకొద్దీ సడలింపు కాలం ఘాతాంకీయంగా పెరుగుతుంది. సరళ గొలుసుల స్నిగ్ధత అణుభారపు 3.4వ ఘాతంతో పెరుగుతుంటే, నక్షత్రాకారపు (ఒకే కూడలి నుంచి కొమ్మలు చీలిన) గొలుసుల స్నిగ్ధతను ప్రధానంగా నిర్ణయించేది కొమ్మల సంఖ్య కాదు, ఒక్కో కొమ్మ పొడవు.

కాబట్టి అతి నెమ్మదిగా ఊపి కొలిచే డోలన షియర్‌లో కొమ్మలు దాగవు. మీకు పంపిన గీత ఏ షియర్ రేటు (పొరలు జారే వేగం) దగ్గర మొదలైందో చూడండి. సెకనుకు 10 నుంచి పైకి మాత్రమే ఉంటే, రెండు గీతలూ కలవడంలో వింత లేదు, ఎందుకంటే నెమ్మదిగా సడలే భాగాల కథంతా దానికి దిగువనే ఉంది.

చిత్తూరు మాస్టారు:
విద్యార్థి చెప్పిన సిద్ధాంతంతో నాకు పేచీ లేదు, దాని నుంచి తీసిన నిర్ణయంతోనే ఉంది. నెమ్మది షియర్‌లో స్నిగ్ధత పెరిగిందంటే కొమ్మలే కారణమని ఎలా అంటాం? సరళ గొలుసుల్లోనే అతి పొడవైనవి కొన్ని కలిసినా అలాగే పెరుగుతుంది. పైగా ఎల్‌డీపీఈలో లాగా కొమ్మలు దట్టమైతే అణువు ముద్దగా ముడుచుకొని, అదే అణుభారపు సరళ గొలుసుకంటే స్నిగ్ధత తగ్గనూవచ్చు. ఒకే లక్షణం రెండు దిక్కులా లాగుతున్నప్పుడు అది సాక్ష్యంగా బలహీనమే.

ఇక అసలు విషయం: బుడగ ఊగేది డైలో (కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే యంత్రపు మూతిలో) కాదు, డై దాటాక. డైలో జరిగేది షియర్, బయట జరిగేది సాగుడు. మెక్‌లీష్, లార్సన్ 1998లో ఇచ్చిన పామ్‌పామ్ నమూనా ఈ తేడాను చక్కగా చూపిస్తుంది. రెండు కొసల్లో కొమ్మల కుచ్చులున్న ఒక వెన్నుగొలుసును ఊహించండి. సాగదీసినప్పుడు ఆ కుచ్చులు లంగరుల్లా పట్టుకుంటాయి, వెన్ను బిగుసుకుంటుంది, ద్రవం సాగేకొద్దీ గట్టిపడుతుంది. తన్యత ఒక హద్దు దాటాకే కొమ్మలు వెన్ను తాలూకు గొట్టంలోకి లాగబడతాయి. షియర్‌లోనైతే గొలుసు ప్రవాహం వైపు ఒరిగిపోతుంది కనుక ఆ బిగువు నిలవదు, ద్రవం పలచబడుతుంది. ఒకే పదార్థం ఒకచోట గట్టిపడి మరొకచోట పలచబడుతుంటే, రెండోది మాత్రమే కొలిచి మొదటిదాని గురించి హామీ ఇవ్వడం నాకు న్యాయంగా తోచదు.

ఎల్‌డీపీఈని ఆటోక్లేవ్ రియాక్టర్‌లోనూ చేస్తారు, గొట్టపు రియాక్టర్‌లోనూ చేస్తారు. ఆటోక్లేవ్ రకంలో కొమ్మ మీద కొమ్మ పుట్టి చెట్టు తీరు ఎక్కువ. ఎం.ఎఫ్.ఐ., సాంద్రత కలిసినా సాగుడులో ఇవి ఒకటి కావు. మీ రెండు లాట్లూ ఏ రియాక్టర్‌వో ముందు అడగండి.

పూతలపట్టు బెల్లం:
మా గానుగ దగ్గర పాకం తీగ సాగడం కూడా ఇలాంటిదే కదండీ?

చిత్తూరు మాస్టారు:
కాదండీ. పాకంలో ఉన్నవి చిన్న అణువులు. అక్కడ తీగ నిలిచేది చిక్కదనం వల్లా, చల్లారడం వల్లా. చిక్కుపడి లాగి పట్టుకునే గొలుసులు పాకంలో లేవు.

తిరుపతి పరిశోధక విద్యార్థి:
మాస్టారు గారు చెప్పిన సందిగ్ధత నిజమే, కానీ అది సాగుడు పరీక్షకూ వర్తిస్తుంది: అతి పొడవైన సరళ గొలుసులు కొన్ని కలిసినా ద్రవం సాగేకొద్దీ గట్టిపడుతుంది. షియర్‌లో మరో సాక్షి కూడా ఉంది, అది ఉష్ణోగ్రత. ప్రవాహపు ఉత్తేజన శక్తి (వేడి మారితే ప్రవాహం ఎంతగా మారుతుందో చెప్పే కొలత) సరళ పాలిథిలిన్‌కు మోలుకు సుమారు 27 కిలోజౌళ్లయితే, ఎల్‌డీపీఈకి సుమారు రెట్టింపు. ఖరీదైన పరికరం లేకుండానే ఎం.ఎఫ్.ఐ. యంత్రం మీద అదే 2.16 కిలోల బరువుతో 190 డిగ్రీల దగ్గరా, 170 దగ్గరా కొలవండి. నా లెక్క ప్రకారం ఎల్‌డీపీఈ అయితే ప్రవాహం దాదాపు సగానికి పడిపోవాలి, సరళమైనదైతే ముప్పాతిక వరకు మిగలాలి.

చిత్తూరు మాస్టారు:
రెండూ అసలైన ఎల్‌డీపీఈలే అయితే రెండూ సగానికే పడతాయి, ప్రశ్న మొదటికొస్తుంది. కొత్త లాటులో సరళ రకం గణనీయంగా కలిసి ఉంటేనే ఆ పరీక్ష పనికొస్తుంది.

గాజులమండ్యం ఫిల్మ్:
కలిసి ఉండవచ్చన్న అనుమానం నాకూ ఉంది. ఎల్‌ఎల్‌డీపీఈ (పొడవాటి కొమ్మలు లేని సరళ రకం పాలిథిలిన్) ఎక్కువైతే బుడగ నిలకడ తగ్గుతుందనీ, అందుకే దానిలో కొంత ఎల్‌డీపీఈ కలిపి ఊదుతారనీ ఈ పనిలో అందరికీ తెలిసినదే. కొత్త లాటు వేసిన రోజు నుంచి మోటారు ఆంపియర్లు కొద్దిగా పెరిగాయి, దాన్ని యంత్రపు లోపమనుకొని వదిలేశాను. పంపిన గీత సెకనుకు 20 దగ్గర మొదలైంది. 170 దగ్గర రెండు లాట్లనూ పక్కపక్కనే కొలిపిస్తాను, రియాక్టర్ సంగతి సరఫరాదారును రాతపూర్వకంగా అడుగుతున్నాను.

తిరుపతి పరిశోధక విద్యార్థి:
డై రేట్ల దగ్గర ఎల్‌ఎల్‌డీపీఈ అంతగా పలచబడదు కనుక ఆంపియర్లు పెరగడం దానికి సరిపోతుంది. అయితే అది కూడా షియర్ సాక్ష్యమేనని మాస్టారు గారికి సవినయంగా గుర్తుచేస్తున్నాను.

చిత్తూరు మాస్టారు:
ఒప్పుకుంటున్నాను. అయినా బుడగ ఊగిందని మొదట చెప్పింది షియర్ కాదు నాయనా.