‘గాట్’ రాస్తే ఎర్రగీత కొట్టడం సరైనదేనా?

నకిరేకల్ బాబాయ్:
మా అన్న బిడ్డ నల్లగొండలో ఎనిమిదో తరగతి, ఇంగ్లిష్ మీడియం. లీవ్ లెటర్‌లో ‘ఐ గాట్ ఫీవర్’ అని రాసింది. సార్ ‘గాట్’ మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టి, వేరే మాట రాయమన్నారు. నోట్సులో ‘గెట్’కు పర్యాయపదాల పట్టీ ఉంది: రిసీవ్, అబ్టెయిన్, అక్వైర్, బికమ్. పిల్ల అందులోంచి ఒకటి ఏరుకుని దిద్దింది. ‘ఐ అబ్టెయిన్డ్ ఫీవర్’! దరఖాస్తు పెట్టుకుని, ఆఫీసుల చుట్టూ తిరిగి జ్వరం సాధించినట్టుంది.

పట్టీలో ఉన్నంత మాత్రాన ఒకదాని జాగాలో ఇంకోటి పెట్టలేం కదా. మన దగ్గర జ్వరం వస్తది, దెబ్బ తాకుతది, జీతం పడ్తది, బస్సు దొరుకుతది, పెండ్లి అయితది, చెప్పింది సమజైతది. ఇన్నింటికీ ఇంగ్లిష్‌ వాళ్లు ‘గెట్’ అనే ఒక్క మాటతోనే నెట్టుకొస్తారు. అలాంటి మాటను బడిలో వద్దంటే ఎలా?

సూర్యాపేట టీచరమ్మ:
బాబాయ్ గారూ, ఆ సార్ పక్షాన నేను మాట్లాడతాను. 2022-23లో సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. అప్పటి నుంచి నేను దిద్దే కట్టల్లో సగం ఇవే. ‘గాట్ అప్, గాట్ రెడీ, గాట్ బస్, గాట్ మార్క్స్, గాట్ హ్యాపీ.’ ఒక్క పేజీలో పదకొండు లెక్కపెట్టాను. గీత కొట్టకపోతే ఆ పిల్లలు రెండో మాట ఎప్పుడు నేర్చుకుంటారు? రేపు పింఛన్ రాలేదని వాళ్ల నానమ్మ తరఫున అర్జీ రాయాలంటే ‘ఐ డిడ్ నాట్ గెట్’ కంటే ‘ఐ హావ్ నాట్ రిసీవ్డ్’ అంటేనే బరువు. అయితే పట్టీ ఇచ్చి వదిలేయడం తప్పే, ఒప్పుకుంటాను.

పాలమూరు పిల్లగాడు:
మేడమ్, కాగితం మీద సరే. నేను దుబాయికి పోయిన మొదటి వారం సైట్ మీద ‘వేర్ కెన్ ఐ అబ్టెయిన్ వాటర్’ అని అడిగిన. సూపర్‌వైజర్ ఏమీ అనలే గానీ, పక్కనున్న కేరళ అన్న రెండేండ్లు నన్ను ‘అబ్టెయిన్’ అనే పిలిచిండు.

మిర్యాలగూడ మిల్లు వీధి:
😂😂 అన్నా, నీళ్లు దొరికినయా లేదా?

పాలమూరు పిల్లగాడు:
దొరికినయి. ‘గెట్’ అయినయి.

దేవరకొండ అక్క:
అసలు ముచ్చట వేరే ఉంది. ‘గెట్’ స్కాండినేవియా వాళ్లతో ఇంగ్లిష్‌లోకి వచ్చిన మాట, ఇంట్లో వాకిట్లో తిరిగేది. రిసీవ్, అబ్టెయిన్ లాటిన్ పుట్టుకతో ఫ్రెంచ్ మీదుగా వచ్చినవి, అంటే దొరల మాటలు, కచేరీ మాటలు. మనకూ ఇదే జరిగింది. నిజాం కాలంలో ఆఫీసు భాష ఉర్దూ. అందుకే దరఖాస్తు, మంజూరు, వసూలు ఇప్పటికీ ఆఫీసు మెట్ల దగ్గరే వినబడతాయి. పింఛన్ మంజూరైంది అంటాం, జ్వరం మంజూరైంది అనం. ఈ ఒక్కటి చెప్తే ఎనిమిదో తరగతి పిల్లకు అబ్టెయిన్ ఎక్కడ పెట్టాలో ఇట్టే సమజైతది. గీతలూ వద్దు, పట్టీలూ వద్దు.

సూర్యాపేట టీచరమ్మ:
అక్కా, ఇది రేపే క్లాసులో వాడుకుంటా. కానీ గీత మాత్రం కొడతా.

వీసా కోసం చదువుతున్నా:
ఐఈఎల్‌టీఎస్ (విదేశాలకు పోవాలంటే రాసే ఇంగ్లిష్ పరీక్ష) వాళ్ల కోసం ఒక మాట. అందులో జనరల్ ట్రైనింగ్ అనే రకంలో, రైటింగ్ మొదటి టాస్క్ ఉత్తరం, కనీసం 150 పదాలు. దోస్తుకు రాసే ఉత్తరమైతే ‘గెట్’ హాయిగా వాడొచ్చు, అక్కడ అబ్టెయిన్ పెడితేనే అతుకులాగా కనబడుతుంది. రెండో టాస్క్ కనీసం 250 పదాల వ్యాసం, అక్కడ తగ్గించుకోవాలి. రైటింగ్‌లో పదాల వాడకానికి నాలుగో వంతు మార్కులు. పెద్ద మాట తప్పు చోట పెడితే కోత పడేదీ అందులోనే. నాకు పడింది, అందుకే చెప్తున్నా.

మిర్యాలగూడ మిల్లు వీధి:
బస్సు దిగడానికి ‘గెట్ డౌన్’ అంటాం కదా. ఇంగ్లండోళ్లు ‘గెట్ ఆఫ్’ అంటరట. కారు దిగితే ‘గెట్ అవుట్’. మా కాకను కారులోంచి గెట్ అవుట్ అంటే ఇంటికి పంచాయితీ వస్తది.

నకిరేకల్ బాబాయ్:
టీచరమ్మ గారూ, పేజీలో పదకొండంటే నాకూ చిరాకే, అక్కడ మీ గీతకు అడ్డురాను. కానీ కొన్ని చోట్ల ‘గెట్’ తీస్తే వాక్యమే పడిపోతుంది. మా వాడు ఆదివారం సెలూన్‌కు పోయి ‘ఐ కట్ మై హెయిర్’ అని రాశాడు. తానే కత్తెర పట్టినట్టు! మనం ‘కటింగ్ చేయించుకున్నా’ అంటాం, ఆ ‘ఇంచు’ పనిని ఇంగ్లిష్‌లో ‘గాట్ మై హెయిర్ కట్’ చేస్తుంది. అబ్టెయిన్, రిసీవ్, ఏదీ అక్కడికి రాదు. ‘హ్యాడ్’ ఒక్కటే సరిపోతుంది. పిల్లలకు ముందు నేర్పాల్సింది ఇదని నా పట్టు.

సూర్యాపేట టీచరమ్మ:
ఇది ఒప్పుకున్నా. ఇంతకీ ఆ లీవ్ లెటర్ ఏమైంది? ‘ఐ హావ్ ఎ ఫీవర్’ అంటే గొడవే లేదు కదా.

నకిరేకల్ బాబాయ్:
అదే చెప్పిన. వినలే. క్లాసులో అందరూ తరతరాలుగా రాసేదే రాసి ఇచ్చిందట: ‘ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్.’ సార్ సంతకం పెట్టారు. రిసీవ్ ఎందుకు పెట్టలేదే అంటే, “అందులో ఈ ముందా, ఐ ముందా బాబాయ్? గెట్ అయితే మూడే అక్షరాలు” అంటది.